మేక మేయని మొక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా పాత చరిత్ర రాసి పంపమని మన కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. సాగర్ డ్యాము గురించి, కుడికాలువ గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆ కాలువ నీళ్ళతో పాటు పల్నాడుకు వచ్చి స్థిరపడిన కలుపు గురించి రాస్తున్నాను. కలుపుకు చరిత్ర ఏమిటని నవ్వకండి. చివరి భూముల రైతు కంట నీరు పెట్టించిన వాటిలో అనావృష్టి తర్వాత దాని పేరే చెప్పుకోవాలి. పైగా అందులో నా పాపం కూడా కొంత ఉంది. ఒప్పుకోవలసింది ఈ వయసులోనైనా ఒప్పుకోవాలి గదా.

ఎండాకాలమే కాపలా

నీళ్ళు రాకముందు పల్నాడు ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మాచర్ల పక్కన చంద్రవంక, కారంపూడి పక్కన నాగులేరు వానలు పడితే పొంగేవి, ఎండలు ముదిరితే అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగుగా మిగిలేవి. చెరువుల్లో తామర, కలువ, జమ్ము, నాచు ఉండేవి. అవి ఈ నేల మొక్కలే. జమ్ము కోసి చాపలు అల్లుకునేవాళ్ళు, పాకలు కప్పుకునేవాళ్ళు. వైశాఖం వచ్చేసరికి చాలా చెరువుల అడుగు నెర్రెలిచ్చేది. నీటి మీద తేలి బతికే మొక్క ఏది కొత్తగా వచ్చినా ఆ రెండు నెలల ఎండకు మాడి మసైపోయేది. మనకు శత్రువనుకున్న ఎండాకాలమే ఆ రోజుల్లో మన చెరువులకు కాపలాదారు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. జవహర్ కాలువ అని పేరు పెట్టిన కుడికాలువ తల దగ్గర 11,000 క్యూసెక్కులు తీసుకునేలా కట్టారు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సుమారు 11 లక్షల ఎకరాలు దాని ఆయకట్టు. జొన్న, సజ్జ తప్ప మరొకటి ఎరగని ఊళ్ళలో వరి అన్నం వండుకున్నారు. ఆ మేలును తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

అయితే నీళ్ళు వచ్చాక ఇంకొక మార్పు కూడా జరిగింది. కాలువ ఊటతో, పొలాల నుంచి దిగే మురుగు నీటితో, వేసవిలో ఎండిపోవలసిన వాగులు ఏడాది పొడుగునా తడిగా ఉండసాగాయి. ఆ నీటిలో యూరియా, డి.ఎ.పి. కరిగి వచ్చేవి. నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ళ వంటి పట్టణాలు పెరిగినకొద్దీ ఇళ్ళ మురుగు కూడా వచ్చి కలిసింది. ఎండ కాపలా తప్పుకుంది, ఎరువు అందింది, ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి పోవటానికి కాలువలే బాట అయ్యాయి. పరాయి మొక్కకు ఇంతకంటే ఏం కావాలి?

నేను నాటించిన మొక్క

నేను 1971లో సూపర్‌వైజరుగా ఉద్యోగంలో చేరాను. నాకు అప్పగించింది ఒక మేజరు, దాని కింద నాలుగు మైనర్లు. నల్లరేగడి నేల. ఆ నేల మీద కట్టిన కాలువ గట్టు ఎండకు పగుళ్ళిస్తుంది, వానకు జారుతుంది. ఏటా మట్టి పోయించడం, ఏటా అది కాలువలోకే జారడం. ఎస్టిమేటు రాసి రాసి విసుగొచ్చేది.

ఒకసారి డెల్టా వైపు బంధువుల ఊరికి వెళ్ళినప్పుడు మురుగు కాలువ గట్టున నిలువెత్తు పొద చూశాను. గుండె ఆకారపు ఆకులు, గరాటు లాంటి లేత ఊదారంగు పూలు. తూటికాడ అన్నారు. మనం కూర వండుకునే తూటికూరకు ఇది దాయాది, కాని తినేది కాదు. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, బతుకుతుందన్నారు. గట్టును వేళ్ళతో పట్టి ఉంచుతుందని, అన్నిటికీ మించి మేకలు దీన్ని ముట్టవని చెప్పారు. అంతకుముందు గట్టున ఏ మొక్క పెట్టించినా మేకల పాలే అయ్యేది. మేక మేయని మొక్క దొరికిందని నేను పొంగిపోయాను.

1974 వానల్లో రెండెడ్ల బండి మీద కట్టలు కట్టి తెప్పించి, మైలున్నర పొడవున గట్టు లోపలి వాలులో గుచ్చించాను. పైసా ఎస్టిమేటు లేదు. ఏడాది తిరిగేసరికి పచ్చగా పొద లేచింది. గట్టు జారలేదు. చూడవచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. ‘మేకలు మేయవు’ అని నేనే నా డైరీలో యోగ్యతగా రాసుకున్నాను.

ఆ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ దాన్ని కొరికే పురుగులు, పట్టే తెగుళ్ళు అన్నీ ఉన్నాయి. మన దేశానికి పూల మొక్కగా, కంచె మొక్కగా వచ్చినప్పుడు ఆ శత్రువులు వెంట రాలేదు. దాని ఆకులో విషం ఉంది. కరువు కాలంలో మరేమీ దొరక్క మేకలు వారాల తరబడి దాన్ని మేస్తే వణుకు పుట్టి, నడక తడబడి, చిక్కి చస్తాయి. మేక మేయదంటే ఇక్కడ దాన్ని అదుపు చేసేవాడు ఎవడూ లేడని అర్థం. నేను గుణమనుకున్నదే దాని అసలు దోషం.

మేజరు చివర పెద్దాయన

నాలుగైదేళ్ళలో పొద గట్టు దిగి కాలువలో కాలు పెట్టింది. కొమ్మ నీటి మీదికి వాలితే ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. విరిగిన ముక్క కొట్టుకుపోయి, కింద షట్టరు దగ్గర ఆగి, అక్కడ కొత్త పొద అవుతుంది. కాడల మధ్య ఒండ్రు చేరుతుంది. ఒండ్రు మీద జమ్ము లేస్తుంది. జమ్ము మన మొక్కే అయినా కాలువలో అది కూడా అడ్డమే.

కాలువను ఇంత వెడల్పు, ఇంత లోతు, ఇంత వాలు అని లెక్క కట్టి తవ్వుతారు. లోపలి వైపు నునుపుగా ఉంటేనే ఆ లెక్క ప్రకారం నీరు పోతుంది. కలుపు పెరిగితే వేగం పడిపోతుంది. వేగం పడిపోతే ఒండ్రు దిగుతుంది. పై భాగంలో నీటి మట్టం పెరిగి గట్టు పొర్లుతుంది. అందుచేత తల దగ్గర షట్టరు దించవలసి వస్తుంది. పై ఊళ్ళవాళ్ళకు నిండు కాలువ కనపడుతుంది, కింది ఊళ్ళవాళ్ళకు కాలువలో ఇసుక కనపడుతుంది. తల దగ్గర నీళ్ళు ఉండి కూడా చివరి తూముకు అందకపోవటానికి నీటి దొంగలే కారణం కానక్కరలేదు. కలుపు చాలు.

1981 ఖరీఫ్‌లో చివరి మైనరు కింద వరి పొట్ట దశలో ఎండింది. నేను వంతుల పట్టిక పట్టుకుని వెళ్ళాను. తూము దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయనది మూడెకరాలు.

“ఏం బాబాయ్, నిన్న రాత్రి నీళ్ళు రాలేదా?” అన్నాను.

“ఎందుకు రావు సూపర్‌వైజరు గారూ, మీ పూల తోట తాగంగా మిగిలితే వస్తయ్” అన్నాడు. కోపంగా అనలేదు. లేచి నన్ను వెంటబెట్టుకుని గట్టు మీద అరమైలు నడిపించి, ఒక పొద దగ్గర ఆగి, “ఇది మీరు పెట్టించిందేగా. నేనూ కూలికి వచ్చి గుచ్చాను. నాలుగు రూపాయలు ఇచ్చారు” అన్నాడు.

ఆ సంవత్సరం ఆయన గింజ ఇంటికి తీసుకుపోలేదు. ఆ మాట నేను ఇంటి దగ్గర కూడా ఎవరికీ చెప్పుకోలేదు. వంతుల పట్టికలో మాత్రం ఆ తూముకు నీరు ఇచ్చినట్లే ఉంది, దాని మీద నా సంతకమూ ఉంది.

బెంగాల్ చెప్పిన పాఠం

తూటికాడ వెనకనే గుర్రపు డెక్క వచ్చింది. ఊళ్ళ పక్క కుంటల్లో, తర్వాత మురుగు వాగుల్లో, ఆపైన మైనర్ల చివర నిలవ నీటిలో కనపడింది. దాని గురించి తెలుసుకుందామని అప్పుడే పుస్తకాలు వెతకటం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆశ్చర్యం వేసింది.

అది కూడా దక్షిణ అమెరికాదే, అమెజాన్ ప్రాంతపు మొక్క. ఊదారంగు పువ్వు అందంగా ఉంటుందని 19వ శతాబ్దంలో దేశదేశాల తోటలలో పెంచారు. ఆ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. 20, 30 ఏళ్ళలో అక్కడి నదులు, బిలాలు కప్పేసింది. పడవలు కదలలేదు, వరి చేలు మునిగాయి, చేపలు చచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జనం దాన్ని ‘జర్మన్ పానా’ అని శాపనార్థాలు పెట్టారట. 1921లో జగదీశ్ చంద్ర బోస్ గారి అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1936లో ఏకంగా గుర్రపు డెక్క నిర్మూలన చట్టమే చేశారు. 1937 ఎన్నికల్లో ఫజ్లుల్ హక్ గారి పార్టీ వాగ్దానాలలో ఇదొకటి. 1939లో డెక్క ఏరివేత వారం జరిపి వేలాది మందిని నీటిలోకి దింపారు.

మన వైపు కూడా చట్టం లేకపోలేదు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1919లోనే పంటల తెగుళ్ళ చట్టం వచ్చింది. పురుగులు, తెగుళ్ళతో పాటు హానికరమైన కలుపు కూడా దాని కిందికి వస్తుంది.

కమిటీ వేశారు, చట్టం చేశారు, ఎన్నికల్లో గెలిచారు, వారోత్సవం జరిపారు. అయినా గుర్రపు డెక్క బెంగాల్ వదలలేదు. ఎందుకు? లెక్క చూడండి. మంచి ఎండ, ఎరువు ఉన్న నీటిలో అది రెండు వారాలకు రెట్టింపు అవుతుంది. వెయ్యి మంది దిగి చెరువంతా ఏరి, మూలన 10 మొక్కలు వదిలేశారనుకుందాం. నాలుగు నెలలకు అవి 2,500 దాటుతాయి. మరి నాలుగు నెలలకు 6 లక్షల పైచిలుకు. పైగా గింజ బురదలో 15, 20 ఏళ్ళు కూడా ప్రాణంతో ఉంటుంది. ఒక వారం ఉత్సాహంతో చేసిన పనిని 51 వారాల అశ్రద్ధ తినేస్తుంది. ఆఫీసులో పని చేసినవాళ్ళం, మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

మందులు, పురుగులు

1980 దశకంలో మందు కొట్టించమని సలహాలు వచ్చాయి. 2,4-డి అనే మందు కొడితే గుర్రపు డెక్క మాడి మునుగుతుంది. నిజమే. కాని మనది పత్తి దేశం. ఆ మందు తుంపర గాలికి వచ్చి తగిలినా పత్తి ఆకు ముడుచుకుపోతుంది. అంత సున్నితం ఆ పైరు. కాలువ కింద ఎకరాల కొద్దీ పత్తి పెట్టుకుని, అదే కాలువ నీటితో ఊరి మంచినీటి చెరువులు నింపుకుంటూ, అందులో మందు కొట్టడమా? అదీగాక చచ్చిన డెక్క నీటిలోనే కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువు హరించి చేపల్ని చంపుతుంది. మా మేజరులో నేను ఆ పనికి ఒప్పుకోలేదు. నేను చేసిన మంచి పనులలో అదొకటనుకుంటాను.

రెండో దారి పురుగులు. ఇది వినటానికి వింతగా ఉంటుంది. గుర్రపు డెక్క పుట్టింటి నుంచి దాని శత్రువును తెప్పించటం అన్నమాట. బియ్యంలో పడే ముక్కు పురుగుకు దూరపు చుట్టం లాంటి చిన్న పురుగు, దాని శాస్త్రీయ నామం నియోకెటినా. పెద్ద పురుగు ఆకును గీరి తింటుంది, పిల్ల పురుగు కాడలో తొలుచుకుంటూ మొదటిదాకా పోతుంది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1980 దశకం మొదట్లో దీన్ని తెప్పించారు. మన పైర్లను ముట్టదని ముందు పరీక్షించి చూసుకుని, ఆ తర్వాతే చెరువుల్లో వదిలారు. కొన్ని చెరువుల్లో మూడు నాలుగేళ్ళకు డెక్క చాలావరకు పడిపోయింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో 1995 చివర నుంచి ఇదే పురుగును వదిలితే ఆ దశాబ్దం చివరికి ఫలితం కనపడింది.

అయితే ఇది మంత్రం కాదు. మురుగు ఎక్కువగా వచ్చే చెరువులో పురుగు తినేదానికంటే మొక్క పెరిగేదే ఎక్కువ. పురుగు గూడు కట్టుకునేది నీటిలోని వేళ్ళ మీద. మన మైనర్లలో నీరు వంతుల వారీగా వస్తూ పోతూ ఉంటుంది, వేసవిలో కాలువ కట్టేస్తారు. అటువంటి చోట పురుగు నిలదొక్కుకోలేదు. నిలవ నీటి చెరువుకు పనికొచ్చిన ఉపాయం పారే కాలువకు పనికిరాదు.

ఇంకొక కథ కూడా ఇక్కడ చెప్పాలి. కేరళ నీళ్ళను కప్పిన సాల్వీనియా అనే తేలే మొక్క ఉంది. ‘ఆఫ్రికన్ పాయల్’ అంటారు అక్కడ, నిజానికి అదీ దక్షిణ అమెరికాదే. 1960 దశకంలో శాస్త్రజ్ఞులు దాన్ని వేరొక సాల్వీనియా అనుకుని, ఆ మొక్క మీది పురుగుల్ని తెచ్చి వదిలారు. ఫలితం లేకపోయింది. 1972లో అది వేరే జాతి అని తేల్చారు. 1978లో దాని అసలు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. ఆ మొక్క మీది పురుగును తీసుకుపోయి 1980లో ఆస్ట్రేలియాలోని ఒక సరస్సులో వదిలితే ఏడాది చిల్లరలో నీరు తేటపడింది. తర్వాత కేరళలోనూ అదే పురుగు పని చేసింది. మొక్క పేరు తప్పు పట్టుకున్నందుకు ఎన్నేళ్ళు పోయాయో చూడండి. అది చదివినప్పుడు నా డైరీలోని ‘మేకలు మేయవు’ అన్న వాక్యం గుర్తుకొచ్చింది. మొక్క గురించి ఒక్క ముక్క తెలుసుకుని అంతా తెలిసినట్లు మైలున్నర గుచ్చించినవాణ్ణి నేను.

పిడికెడు ఉన్నప్పుడు

మా మేజరుకు దారి చూపింది పుస్తకాలు కావు, మా లస్కరు. చదువు సంతకం దాకా. 1983లో వేసవికి కాలువ కట్టినప్పుడు కూలీలను పెట్టి తూటికాడ కొట్టించబోతుంటే నన్ను ఆపాడు.

“అయ్యగారూ, కొడితే మళ్ళీ చిగురేస్తది. పోయినేడు కొట్టినచోట ఇప్పుడు మూడింతలుంది. పుల్ల గుచ్చి పెట్టా, చూడండి” అన్నాడు.

నిజంగానే ఆయన గట్టున నాలుగు చోట్ల పుల్లలు గుచ్చి పెట్టుకున్నాడు. ఒకచోట కొట్టి వదిలేసింది, ఒకచోట వేళ్ళతో పెకలించింది, ఒకచోట పెకలించి గట్టవతల ఎండబెట్టింది, ఒకచోట పెకలించి కాలువలోనే వదిలింది. ఎవరూ చెప్పకుండా, జీతం కోసం కాకుండా, ఏడాదిపాటు చూసుకున్నాడు. వేళ్ళతో తీసి ఎండలో వేసినచోట ఒక్కటే నేల శుభ్రంగా ఉంది. దీన్ని పరిశోధన అనక ఏమంటాం?

ఆనాటి నుంచి మా మేజరులో మూడు నియమాలు పెట్టుకున్నాం. కాలువ కట్టిన నెలల్లోనే, తడి ఆరక ముందే, వేళ్ళతో సహా తీయాలి. తీసినదాన్ని నీటికి ఎగువన గానీ మురుగు వాగులో గానీ పారేయకుండా గట్టవతల పరిచి పూర్తిగా ఎండాక కాల్చాలి. నీళ్ళు పారే రోజుల్లో లస్కరు వారానికొకసారి కొక్కెం కర్రతో షట్టర్లు, డ్రాపులు తిరిగి, కొత్తగా వచ్చిన డెక్క గానీ కొమ్మ ముక్క గానీ అప్పటికప్పుడు లాగేయాలి. “పిడికెడు ఉన్నప్పుడు ఒక్కణ్ణి చాలు, మడుగు నిండినాక వందమంది చాలరు” అనేవాడు ఆయన.

నేను నాటించిన మైలున్నర పొద తీయటానికి మూడు వేసవులు పట్టింది. గట్టు మీద దాని బదులు గరికె పరిపించాం. 1986లో చివరి తూముకు వంతు ప్రకారం నీరు అందింది. ఆ పెద్దాయన అప్పటికి లేడు. ఆయన కొడుకు వచ్చి చెప్పి వెళ్ళాడు.

2002 నుంచి రెండేళ్ళు కృష్ణకు నీళ్ళు లేక సాగర్ ఆయకట్టు బీడు పడింది. కాలువ ఎండింది, ఇక కలుపు పీడ పోయిందనుకున్నాం. గుర్రపు డెక్క ఎండి కాగితంలా అయింది. అక్కడక్కడా మిగిలిన తూటికాడ మాత్రం ఆకు రాల్చి మోడుగా నిలబడి, నీరు రాగానే చిగిర్చింది. బురదలోని గింజలు మొలిచి డెక్క కూడా వాగుల్లో మళ్ళీ కనపడింది. కరువు వాటికంటే ముందు మనల్ని చంపుతుందని అప్పుడు తెలిసింది.

1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. నేను 2006లో రిటైరయ్యాక ఉపాధి హామీ పనులు వచ్చి, చాలాచోట్ల జంగిల్ క్లియరెన్సు వాటి కింద చేశారు. అవి మంచి పనులే. సంఘం పెద్దలు పట్టించుకున్న ఊళ్ళలో మైనర్లు అద్దంలా ఉండటం చూశాను. అయితే ఏడాదికొకసారి వచ్చే పని వేరు, వారం వారం తిరిగే మనిషి వేరు. మా లస్కరు రిటైరయ్యాక నేను పని చేసినచోట ఆయన స్థానంలో మనిషి రాలేదు. మూడేళ్ళలో షట్టరు దగ్గర డెక్క కనపడింది.

తొట్టిలోంచి నదిలోకి

ఈ కథ మొక్కలతో ఆగలేదు. చేపల్లోనూ ఇదే వరస. ఇప్పుడు అంగళ్ళలో జిలేబీ చేప అంటున్న తిలాపియాను 1952లో మంచి ఉద్దేశంతోనే మన దేశానికి తెచ్చారు. గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుకునే చేప అది. అందుకే ఎక్కడ పడినా సంతానం నిలుస్తుంది, చోటు మన చేపలకు తగ్గుతుంది. దొంగతనంగా వచ్చిన ఆఫ్రికా క్యాట్ ఫిష్ పెంపకాన్ని 2000లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అది దొరికిన చేపనల్లా మింగుతుంది. ఇటీవలి సంవత్సరాలలో కృష్ణలో వలలకు ఒంటినిండా పెంకులున్న సక్కర్ చేప పడుతోంది. జాలరులు దెయ్యం చేప అంటున్నారు. తినటానికి పనికిరాదు, వల చించుతుంది. అది ఎవరో ఇంట్లో అద్దాల తొట్టిలో ముచ్చటగా పెంచుకుని, పెద్దదయ్యాక నీళ్ళలో వదిలిన చేప సంతానం. ఒడ్డున బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. గట్లు కాపాడిన మనవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు, నిద్ర పట్టదు.

మనం చేయగలిగింది

వెనక్కి తిరిగి చూస్తే ఇందులో దురుద్దేశం ఉన్నవాడు ఒక్కడూ కనపడడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో అడవి శాఖ ఒక తుమ్మను నాటించింది, వంటచెరకు కోసం. ఇప్పుడు ఊరూరా కమ్మిన దాన్ని జనం సర్కారు తుమ్మ అంటారు. ఎవరు తెచ్చారో పేరులోనే ఉంది. డెక్కను పువ్వు కోసం, తిలాపియాను కూర కోసం, తూటికాడను గట్టు కోసం తెచ్చారు. తెచ్చినవాళ్ళు అందరూ నాలాంటివాళ్ళే. ముందు పూర్తిగా తెలుసుకోలేదు, తర్వాత వెంటనే ఒప్పుకోలేదు.

2022లో పల్నాడు జిల్లా అయింది. అధికారులు కొత్తవాళ్ళు, యంత్రాలు కొత్తవి. కాని మన దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గర లేదు. ఏ కుంటలో డెక్క ఎప్పుడు మొదట కనపడింది, ఏ మైనరు ఏ సంవత్సరం మూసుకుపోయింది, ఎట్లా తెరుచుకుంది అనేది మన జ్ఞాపకంలో ఉంది. మన సభ్యులలో నీటి పారుదల, వ్యవసాయం, మత్స్య, పంచాయతీ శాఖల్లో చేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఊరికొకరు ఒక కాగితం మీద ఆ వివరాలు రాసి నీటి సంఘానికి ఇస్తే చాలు. పొద్దున నడకకు కాలువ గట్టుకే వెళ్తాం గనుక, షట్టరు దగ్గర కొత్త మొక్క కనపడితే ఆ రోజే చెప్పవచ్చు. పిడికెడు ఉన్నప్పుడే చెప్పాలి.

మొన్న దసరాకు మా మనవరాలు వచ్చింది. ఊరి పక్క కుంట నుంచి గుర్రపు డెక్క మొక్క ఒకటి తెచ్చి, నీళ్ళ తొట్టిలో వేసి, “పువ్వు ఎంత బాగుందో చూడు తాతయ్యా, హైదరాబాదు తీసుకెళ్తా” అంది. బాగుందమ్మా, నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నానని చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను. విని, తనే ఆ మొక్కను తీసి మిద్దె మీద ఎండలో పెట్టింది. మూడు రోజుల తర్వాత ఎండిందో లేదో చూసి వచ్చి మరీ నాకు చెప్పింది.

తప్పులుంటే మన్నించండి. ఇక సెలవు.